ఈవీని మూడు నెలలు కదపకుండా వదిలి వెళ్లాలి, ఏం చేయాలి?

ప్రశ్న (పలాస): సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా ఇంట్లో ఎవరూ ఉండరు. 40 యూనిట్ల బ్యాటరీ ఉన్న ఎలక్ట్రిక్ కారు. ఫుల్ చార్జ్ చేసి, ప్లగ్ తగిలించే వెళ్లిపోవచ్చా?

జవాబు (విజయనగరం): వద్దండి. 50, 60 శాతం మధ్య ఆపేసి ప్లగ్ తీయండి, చార్జర్‌కు కరెంటు ఇచ్చే ఎంసీబీ స్విచ్చు కూడా దించేయండి. అది పిడుగుల కాలం. లిథియం బ్యాటరీ నిండుగా ఉండి వేడిలో నిలిస్తే త్వరగా అరుగుతుంది. మరీ పది శాతం దగ్గర వదిలేస్తే అడుగంటిపోయి మళ్లీ లేవకపోవచ్చు. సగంలో ఉంటే ఏ బాధా లేదు.

మీరు పెద్ద బ్యాటరీ గురించి అడిగారు గానీ, ముందు పడిపోయేది 12 వోల్టుల చిన్న బ్యాటరీ. లెక్క చూడండి: 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ మీద నిద్రలో ఉన్న కారు 20 మిల్లీ ఆంపియర్లు లాగినా రోజుకు 0.48 ఆంపియర్ అవర్లు పోతుంది. అయిదు వారాలకు సగం ఖాళీ, పది వారాలు దాటితే అంతా ఖాళీ. పెద్ద బ్యాటరీని కలిపే రిలేలు, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చులు, పనిచేయాలంటే ఆ 12 వోల్టులే కావాలి. అవి లేకపోతే రిమోట్‌కి తలుపు తెరుచుకోదు, చార్జింగ్ కూడా ఎక్కదు. కొన్ని కార్లు పెద్దదాన్నుంచి చిన్నదాన్ని వాటంతటవే నింపుకుంటాయి. మీది ఆ రకమో కాదో, చిన్న బ్యాటరీ వైరు తీయొచ్చో లేదో మాన్యువల్‌లో చూడండి.

ప్రశ్న (పలాస): తీయొచ్చనే ఉంది. ఎలా తీయాలి సార్?

జవాబు (విజయనగరం): ముందు తాళంచెవితో డ్రైవర్ తలుపు వేసి, తీసి చూసుకోండి. రిమోట్‌లో దాగి ఉండే ఇనప తాళంచెవి అది. చాలా కార్లలో తాళం రంధ్రం హ్యాండిల్ పక్కన చిన్న ప్లాస్టిక్ మూత కింద ఉంటుంది. ఇది తేలకుండా వైరు ముట్టుకోవద్దు. కారు ఆపేసి, బానెట్ ఎత్తి, పావుగంట ఆగండి, లోపలి కంప్యూటర్లు నిద్రపోతాయి. అప్పుడు పది నంబరు పానాతో మైనస్ టెర్మినల్ వదులు చేసి తీయండి. ప్లస్ ముట్టుకోకండి. తీసిన వైరుకు పొడిగుడ్డ చుట్టి పక్కకు వంచండి. బానెట్ వేసి, తాళంచెవితోనే తలుపు వేయండి. నారింజ రంగు కేబుళ్ల జోలికి మాత్రం పోవద్దు, అవి పెద్ద బ్యాటరీ హై వోల్టేజీ కేబుళ్లు.

జవాబు (టెక్కలి): వైరు తీయని వాళ్లకు ఒక మాట. రోజూ యాప్ తెరిచి బ్యాటరీ ఎంత ఉందో చూడకండి, తెరిచినప్పుడల్లా కారు మేలుకుంటుంది. కాపలా కెమెరా ఉంటే ఆపండి. అది 200 వాట్లు లాగితే రోజుకు 4.8 యూనిట్లు, అంటే మీ బ్యాటరీలో 12 శాతం.

మన దగ్గర ఇంకోటి, గాలివాన. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది, కొబ్బరి, జీడి చెట్లు నేలకొరిగాయి. చెట్టు కింద పెట్టకండి, నీరు నిలిచే పల్లంలో అసలే వద్దు. మిట్టన, రేకుల కింద అయితే రేకులు గట్టిగా బిగించి ఉన్నాయో లేదో చూసుకోండి. గాలి ఆడని ప్లాస్టిక్ కవరు తొడిగితే సముద్రపు చెమ్మ లోపలే ఉండిపోతుంది. గుడ్డ కవరు మేలు.

ప్రశ్న (పలాస): హ్యాండ్ బ్రేకు వేసి ఉంచాలా?

జవాబు (టెక్కలి): చేత్తో లాగే రకమైతే వద్దు. వెనక డ్రమ్‌కు చెమ్మ పట్టి లైనింగు అంటుకుపోతుంది. సమతలంలో పెట్టి, గేరు ‘పీ’లో (పార్కింగ్) వేసి, చక్రాలకు ముందూ వెనకా ఇటుకలు పెట్టండి. కడిగిన వెంటనే నిలపకండి, రెండు కిలోమీటర్లు నడిపి బ్రేకులు ఆరాక పెట్టండి. టైర్లలో తలుపు దగ్గర స్టిక్కరు మీద రాసినదానికంటే 3, 4 పీఎస్‌ఐ ఎక్కువ కొట్టించండి.

వచ్చాక ముందు బానెట్ కింద ఎలుకల ఆనవాళ్లు చూడండి. నారింజ కేబులుపై పంటిగాట్లు కనిపిస్తే వైరు కలపకుండా సర్వీసు వాళ్లను పిలవండి. అన్నీ బాగుంటే మైనస్ బిగించి, టైర్ల గాలి మామూలుకు దించి, ఇంటి చార్జర్‌తో నెమ్మదిగా ఒకసారి ఫుల్ చేయండి, తెర మీద చూపే బ్యాటరీ శాతం లెక్క సరిపడుతుంది. మొదటి కిలోమీటరు బ్రేకులు గరగరమంటాయి. డిస్కు మీది తుప్పు అది, నాలుగైదుసార్లు మెల్లగా నొక్కితే పోతుంది.