అప్‌డేట్: భవంతిలో ఐదుగురు చిక్కుకునే ఆ పాత జపాన్ ఆట పేరు తెలిసింది

పాడుబడ్డ భవంతిలో ఐదుగురు చిక్కుకుపోయే, గది మారినప్పుడల్లా తలుపు తెరుచుకోవడం కనిపించే ఫామికామ్ (నింటెండో వారి పాత వీడియో గేమ్ యంత్రం) ఆట ఏదని, దానికి ఏదైనా సినిమాతో సంబంధం ఉందా అని ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. అది 1989లో క్యాప్‌కామ్ సంస్థ విడుదల చేసిన 'స్వీట్ హోమ్'.

ఒక్కొక్కరి దగ్గర ఏ వస్తువు ఉందో చూడమన్న సలహాతోనే విషయం తేలింది. లైటరు, కెమెరా, తాళంచెవి, మందులపెట్టె, వాక్యూమ్ క్లీనరు అన్నీ సరిపోయాయి. నేల మీద గాజుపెంకులు పరుచుకున్న చోట దారి చేయవలసింది వాక్యూమ్ క్లీనరు పట్టుకున్న ఆసుకా అనే పాత్రే. ఒక జట్టులో ముగ్గురికి మించి ఉండకూడదు, చనిపోయినవారు మళ్ళీ లేవరు. అందుచేత ఎవరిని ఎవరితో పంపాలన్న నిర్ణయమే ఈ ఆటకు ప్రాణం, బతికి బయటపడినవారి సంఖ్యను బట్టి ముగింపు కూడా మారుతుంది.

అదే ఏడాది కియోషి కురొసావా దర్శకత్వంలో అదే పేరుతో వచ్చిన సినిమాయే దీనికి ఆధారం. చిత్రకారుడు మామియా ఇచిరో కుడ్యచిత్రాల కోసం టీవీ బృందం ఆ భవంతికి వెళుతుంది. సినిమా చూడకపోయినా ఆట అర్థమవుతుంది.

ఆ ఆట 'క్లాక్ టవర్' కావచ్చన్న ఊహ కుదరలేదు. అది 1995 నాటి, ఫామికామ్ తర్వాతి యంత్రమైన సూపర్ ఫామికామ్ ఆట. క్యాప్‌కామ్ వారి భయానక ఆట 'రెసిడెంట్ ఈవిల్'తో బంధం మాత్రం నిజమే: 'స్వీట్ హోమ్' రూపకర్త టొకురో ఫుజివారాయే 1996లో దానికి నిర్మాత. 'స్వీట్ హోమ్'కు అధికారిక ఇంగ్లీషు కార్ట్రిడ్జి (యంత్రంలో పెట్టే ఆట డబ్బా) రాలేదు, అభిమానుల అనువాదం ఉంది.