వేల్స్‌లో పాత రాతి ఇల్లు: సిమెంటు పూత తీసేయాలా?

పోయినేడు వేల్స్‌లో, పోవిస్ వైపు ఒక పాత పల్లెటూరి రాతి ఇల్లు కొన్నాం. రెండడుగుల మందం గోడలు, పైన స్లేట్ పలకలు, వంటగదిలో మనిషి దూరేంత పొయ్యిగూడు. దాని మీది అడ్డదూలం మొత్తం ఒకటే ఓక్ మొద్దు, గొడ్డలి గాట్లు ఇంకా చేతికి తగులుతాయి.

చిక్కల్లా, పాతవాళ్లెవరో బయటి గోడలకి సిమెంటు పూయించారు. లోపలంతా చెమ్మ. వేలితో గీస్తే ప్లాస్టర్ పిండిలా రాలుతోంది. సున్నం పూత ఉంటేనే ఇలాంటి గోడల్లో తడి ఆరుతుందట. (మా తాతగారి మిద్దెకి వాడిందీ గానుగ సున్నమే!)

సిమెంటు చెక్కిస్తే వెనక రాళ్లు కదులుతాయా? ఇల్లు గ్రేడ్ 2 వారసత్వ జాబితాలో ఉంది. పూత మార్చాలన్నా కౌన్సిల్ అనుమతి తీసుకోవాలా? ఇలాంటి పని చేయించినవాళ్లుంటే, ముందు ఏ గోడతో మొదలుపెట్టారో కాస్త చెప్పండి. చలికాలం వచ్చేస్తోందని టెన్షన్‌గా ఉంది.