స్ఫింక్స్ వదిలేసి మార్క్‌డౌన్‌కి మారిపోవడం మంచిదేనా?

నీలిసిరా:
మా పైథాన్ లైబ్రరీ డాక్స్ అన్నీ స్ఫింక్స్‌లో (రాసిన ఫైళ్ల నుంచి డాక్స్ పేజీలు తయారుచేసే టూలు) ఉన్నాయి, మార్క్‌డౌన్ అనే తేలికపాటి రాతపద్ధతి వాడే ఎంకేడాక్స్ టూలుకి మార్చేద్దామంటున్నాను. స్ఫింక్స్ మామూలుగా వాడే రాతపద్ధతి రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ చూస్తేనే కొత్తవాళ్లు భయపడుతున్నారు. లింకు పెట్టాలంటే బ్యాక్‌టిక్కులు, కోణపు బ్రాకెట్లు, చివర అండర్‌స్కోరు, వీటిలో ఒకటి తప్పినా పేజీలో లింకు బదులు ఆ గుర్తులే కనిపిస్తాయి. మొన్న ఒకాయన అక్షరదోషం దిద్దడానికి వచ్చి, బిల్డ్ (ఫైళ్లను పేజీలుగా మార్చే పని) మూడుసార్లు ఫెయిలయ్యేసరికి మళ్లీ ఇటు రాలేదు. నాకు చాలా బాధేసింది.

పాతకాపు:
నేను ఒప్పుకోను. స్ఫింక్స్ పుట్టిందే పైథాన్ సొంత డాక్యుమెంటేషన్ కోసం, 2008లో. దాని అసలు బలం క్రాస్ రిఫరెన్సులు, అంటే పేరు రాస్తే ఆ ఫంక్షన్ పేజీకి పడే లింకులు. ఫంక్షన్ పేరు మార్చామనుకోండి, నిట్‌పిక్కీ మోడ్ (దొరకని ప్రతి లింకుకీ హెచ్చరించే సెట్టింగు) పెట్టుకుని ఉంటే పాత పేరుతో లింకు ఉన్న ప్రతి చోటునీ బిల్డే పట్టిస్తుంది. ఇంటర్‌స్ఫింక్స్ అనే ఎక్స్‌టెన్షన్‌తో వేరే ప్రాజెక్టులోని క్లాసుకి కూడా పేరు రాస్తే చాలు, లింకు పడుతుంది. లినక్స్ కెర్నల్ దాదాపు అంతా సీ కోడే, అయినా వాళ్లు 2016లో డాక్‌బుక్ అనే పాత పద్ధతి నుంచి దీనికి మారడం మొదలుపెట్టారు. 2004 నాటి మార్క్‌డౌన్‌లో టేబుళ్లే లేవు, దాన్ని ప్రామాణికం చేయడానికి రాసిన కామన్‌మార్క్‌లో ఇప్పటికీ లేవు, ఏ టూలుకి ఆ టూలు తనకు తోచినట్టు కలుపుకుంది. రేపు ఇంకో టూలుకి వెళ్లాలంటే ఆ తేడాలన్నీ ఎవరు సరిచేస్తారు?

కోడ్‌చీమ:
నీలిసిరా గారూ, ఆ బిల్డ్ ఫెయిలైంది మార్కప్ (ఆ రాత గుర్తులు) వల్లేనా? లాగ్ ఒకసారి చూడండి. స్ఫింక్స్‌లోని ఆటోడాక్, డాక్‌స్ట్రింగులు (కోడ్‌లోనే రాసిన వివరణలు) తీయడానికి మాడ్యూల్‌ని నిజంగానే ఇంపోర్ట్ చేస్తుంది, దానికి కావాల్సిన వేరే లైబ్రరీ ఒక్కటి లేకపోయినా వార్నింగ్ వస్తుంది, వార్నింగులను ఎర్రర్లుగా లెక్కపెట్టే ఆప్షన్ ఉంటే బిల్డ్ ఫెయిలవుతుంది. అక్షరదోషం దిద్దినవాళ్లకి దాంతో ఏం సంబంధం, వాళ్లకెందుకు ఆ శిక్ష? పైగా మార్క్‌డౌన్ కావాలంటే స్ఫింక్స్ వదలక్కర్లేదు, మార్క్‌డౌన్ చదివే మిస్ట్ పార్సర్ అనే ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటే రెండు రకాల ఫైళ్లూ పక్కపక్కనే ఉంటాయి. ఇంకోమాట, కోడ్‌లోంచి తీసిన ఫంక్షన్ల జాబితా చూసి ఎవరూ లైబ్రరీ నేర్చుకోలేరు. ట్యుటోరియల్ మనిషి కూర్చుని రాయాల్సిందే, ఆ రాసేవాళ్లకి ఏది సులువో ముందు అది చూడండి.

నీలిసిరా:
లాగ్ తీసి చూశాను, మూడుసార్లూ ఇంపోర్ట్ ఎర్రరే! రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్‌ని అనవసరంగా తిట్టాను. ఇన్‌స్టాలేషన్, ట్యుటోరియల్ పేజీలను మాత్రం మిస్ట్‌కి మారుస్తాను, డాక్‌స్ట్రింగులు, ఏపీఐ పేజీలు (ఫంక్షన్ల జాబితాలు) ఇప్పుడున్నట్టే ఉంటాయి. ముందు ఆ దోషం దిద్దబోయినాయనకి క్షమాపణ చెప్పి, ఆయన మార్పుని మెర్జ్ చేస్తాను (ప్రాజెక్టులో కలుపుతాను).