విడాల్ పాజిటివ్, బ్లడ్ కల్చర్ నెగటివ్: ఏది నమ్మాలి?

ప్రశ్న: జ్వరం ఆరో రోజు. టైఫాయిడ్ కోసం చేసే విడాల్ రక్తపరీక్ష పాజిటివ్. రక్తంలోని బ్యాక్టీరియాను పెంచి చూసే కల్చర్‌లో టైఫాయిడ్ బ్యాక్టీరియా సాల్మొనెల్లా టైఫీ పెరగలేదు. టైఫాయిడ్ ఉన్నట్టా, లేనట్టా?

జవాబు 1: విడాల్ ఒక్కదాన్నే పట్టుకుని తేల్చెయ్యకండి. అది వెతికేది బ్యాక్టీరియాను కాదు, దాని ఓ, హెచ్ యాంటిజెన్లపై (ఒంటికి ఆ బ్యాక్టీరియాను పట్టిచ్చే పదార్థాలు) మన ఒంట్లో పుట్టిన యాంటీబాడీలను. ఎప్పుడో వచ్చిపోయిన ఇన్ఫెక్షన్, వేరే సాల్మొనెల్లాలు కూడా పాజిటివ్ చూపిస్తాయి.

జవాబు 2: అలాగని కల్చర్ నెగటివ్ అయితే టైఫాయిడ్ లేదనీ కాదు. మిల్లీలీటరు రక్తంలో చాలాసార్లు ఒక్క బ్యాక్టీరియా కూడా ఉండదు. పెద్దవాళ్లకు 2 మి.లీ. తీస్తే ఏం దొరుకుతుంది? సీసాకు 8–10 మి.లీ. కావాలి, అదీ యాంటీబయాటిక్ మొదలవకముందే. రక్తం నింపిన సీసాను ఫ్రిజ్‌లో అస్సలు పెట్టకూడదు.

జవాబు 3: యాంటీబయాటిక్ ముందే పడితే ఎముక మజ్జ కల్చర్‌లో దొరికే అవకాశం ఎక్కువ. పెరిగితే బ్యాక్టీరియా ఏ మందుకు లొంగుతుందో చెప్పే సెన్సిటివిటీ రిపోర్ట్ తప్పక అడగండి. సిప్రోఫ్లాక్సాసిన్ యాంటీబయాటిక్‌కు లొంగని రకాలున్నాయి.