పార్వోతో కుక్కపిల్ల పోయింది, ఇంటింటి డ్యూటీ ఎలా?

నమస్తే. హైదరాబాద్‌లో ఆశా వర్కర్‌ని. మా కుక్కపిల్ల పార్వోతో (కుక్కలకు వచ్చే ప్రాణాంతక వైరస్ జబ్బు) పోయింది. ఆ వైరస్ మనుషులకు అంటదు గానీ చెప్పులకు, బట్టలకు పట్టుకుని ఇంకో ఇంటి కుక్కపిల్లకు చేరుతుంది. ఇంట్లో గచ్చును ముందు సబ్బుతో కడిగి, 30 పాళ్ల నీళ్లకు ఒక పాలు ద్రవ బ్లీచ్ కలిపి 10 నిమిషాలు తడిగా ఉంచుతున్నా. మురికి మీద పోస్తే బ్లీచ్ పనిచేయదు. గచ్చు సరే, వాకిట్లో మట్టికి, పరుపుకి ఏం చేయాలి? మట్టిలో నెలల తరబడి బతుకుతుంది కదా.

అసలు బెంగ వేరే. కాన్పు కేసు వస్తే అర్ధరాత్రయినా వెళ్లాలి. మా పాప అప్పుడు ఆ కుక్కపిల్లను పట్టుకునే పడుకునేది, ఇప్పుడు ఏడుస్తూ కూర్చుంటోంది. టీకాలు పూర్తికాని ఇంకో కుక్కపిల్లను ఇప్పుడే తేలేను. ఇలాంటి డ్యూటీల్లో ఉన్న అక్కలూ, అన్నలూ, రాత్రిపూట పిల్లల్ని ఎలా సముదాయిస్తున్నారు?