సంక్రాంతి సెలవుల్లో హాస్టల్ నుంచి సైకిల్ పోయింది. ఇంకోటి కొనాలి, ఏ తాళం మంచిది?

రాజోలు కుర్రోడు:
అందరికీ నమస్కారం అండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు, భీమవరం పక్కన ఇంజినీరింగ్ సెకండియర్ చదువుతున్నాను. పండక్కి ఇంటికెళ్తూ సైకిల్‌ని హాస్టల్ వెనక వేపచెట్టుకి గొలుసు తాళంతో కట్టేసి వెళ్ళాను. పది రోజులకి వచ్చి చూస్తే చెట్టుకి ముందు చక్రం ఒక్కటే ఉంది. తాళం వేసింది వేసినట్టే ఉంది, మిగతా సైకిల్ లేదు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వాచ్‌మన్‌ని అడిగితే "ఎవరో అబ్బాయి చక్రం లేని సైకిల్ భుజానేసుకుని వెళ్తుంటే రిపేరుకేమో అనుకున్నాను బాబూ" అన్నాడు.

గేర్ల సైకిల్, 11 వేలు పెట్టి మా అన్నయ్య కొనిచ్చాడు, వాడికి ఇంకా చెప్పలేదు, అదో టెన్షన్. ఇప్పుడు ఇంకోటి కొంటే ఎలా కాపాడుకోవాలి? పోలీస్ కంప్లైంట్ ఇస్తే ఉపయోగం ఉంటుందా? ఇంకోటి, రోజూ సాయంత్రం టౌన్‌లో కోచింగ్‌కి కాలువ గట్టు మీద నాలుగు కిలోమీటర్లు తొక్కాలి, తిరిగొచ్చేసరికి చీకటి పడిపోతుంది. దాని గురించి కూడా చెప్పండి.

పంక్చర్ షాపు వాళ్ళబ్బాయి:
తమ్ముడూ, నీ తాళం తప్పు కాదు, వేసిన చోటు తప్పు. గేర్ల సైకిళ్ళలో చాలావాటికి ముందు చక్రం ఇరుసుకి నట్టు ఉండదు, చిన్న మీట ఉంటుంది, దాన్ని తిప్పి లాగితే పానా లేకుండా అర నిమిషంలో చక్రం ఊడొస్తుంది. ముందు చక్రానికి తాళం వేస్తే దాన్ని అక్కడే వదిలేసి మిగతాది ఎత్తుకుపోతారు, నీకు అయింది అదే. ఎప్పుడైనా ఫ్రేముకీ, వెనక చక్రానికీ, కదలని ఇనప దేనికైనా కలిపి వెయ్యాలి. వెనక చక్రం తీయాలంటే చైనూ గేర్లూ అడ్డం వస్తాయి, ఆ కుస్తీ పట్టే ఓపిక దొంగకి ఉండదు. చెట్టు కూడా నమ్మకం కాదు, సన్నటి చెట్టైతే నరికేస్తారు. ఆ మీట తీయించేసి మామూలు నట్లు వేయించు, ఏ షాపులోనైనా చేస్తారు.

తాళానికొస్తే, ప్లాస్టిక్ తొడుగున్న సన్న వైరు తాళాలు కొనకు, లోపల ఉండేది అల్లిన తీగే, చేతిలో పట్టే కట్టర్‌తో తెగిపోతుంది. మా షాపులో తాళంచెవి పోయిందని వచ్చినవాళ్ళవి మేం ఎలా కోస్తామో చూస్తే నువ్వు జన్మలో అది కొనవు. యూ ఆకారంలో గట్టి ఇనప కడ్డీ తాళం కొను, రేటు ఎక్కువే గానీ సైకిల్ కంటే తక్కువేగా. దాంతోపాటు వెనక చక్రానికి పాతకాలం రింగు తాళం కూడా వేయించుకో. రింగు తాళం ఒక్కటే ఉంటే చక్రం తిరగదు గానీ సైకిల్‌ని ఎత్తుకెళ్ళొచ్చు. తాళంచెవి కన్నం కిందకి ఉండేట్టు వెయ్యి, వాన నీళ్ళు లోపలికి పోవు.

పాత హాస్టలర్:
కంప్లైంట్ కంటే ముందు ఒక పని చెయ్యి. భీమవరం టౌన్, జంక్షన్, రెండు రైల్వే స్టేషన్లలోనూ సైకిల్ స్టాండ్లు చూసి రా. మా రోజుల్లో పండగ ముందు మాయమైన సైకిళ్ళలో కొన్ని అసలు దొంగతనాలే కావు, ట్రైన్ టైమైపోతోందని ఎవడో వేసుకెళ్ళి అక్కడ పడేసేవాడు. నాది ఒకసారి వారం తర్వాత దుమ్ము కొట్టుకుపోయి దొరికింది, పైగా స్టాండు డబ్బులు నేనే కట్టుకోవాల్సి వచ్చింది. నీది భుజానేసుకుని వెళ్ళారంటే దొంగతనమే అనిపిస్తోంది గానీ, చూస్తే పోయేదేం లేదు.

దొరక్కపోతే పోలీస్ స్టేషన్‌కెళ్ళు. "పోయింది" అని రాసివ్వకు, "దొంగిలించారు" అని రాయి, రెండిటికీ చాలా తేడా ఉంది. దొంగతనానికి 2024 జులై 1 నుంచి పాత ఐపీసీ సెక్షన్ 379 పోయి, కొత్త చట్టం బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 303(2) వచ్చింది. ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదు చేసినవాళ్ళకి ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకో. బిల్లూ, ఫ్రేము నంబరూ ఉంటేనే కేసుకి బలం. ఆ నంబరు ఎక్కువగా పెడళ్ళ ఇరుసు కింద కొట్టి ఉంటుంది, సైకిల్ తలకిందులు చేస్తే కనబడుతుంది. కొత్తది కొన్నరోజే ఫోటో తీసుకుని ఇంట్లోవాళ్ళకి వాట్సాప్‌లో పంపేయ్.

అద్దె సైకిల్:
11 వేల సైకిల్ హాస్టల్‌కెందుకు బాబూ? రెండు వేలకి పాత నల్ల సైకిల్ కొనుక్కో, ఎవడూ కన్నెత్తి చూడడు.

పంక్చర్ షాపు వాళ్ళబ్బాయి:
కొనొచ్చు గానీ బిల్లు లేని పాత సైకిల్ కొంటే అది ఇంకో హాస్టల్ వేపచెట్టు దగ్గరిదేమో చూసుకోవాలి అన్నా 😄 ఫ్రేము నంబరు గీకేసి ఉంటే ముట్టుకోవద్దు.

కాకినాడ అక్క:
తాళాల సంగతి అందరూ చెప్పారు, ఆ నాలుగు కిలోమీటర్ల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. సైకిల్ పోతే ఇంకోటి వస్తుంది నాన్నా.

నేను భీమవరంలో చదివేటప్పుడు గట్టు మీద రోజూ తొక్కాను. అన్నిటికంటే భయం లారీలంటే కాదు, బరకాలంటే, అదే టార్పాలిన్ పట్టాలంటే. సార్వా (ఖరీఫ్) కోతలప్పుడూ దాళ్వా (రబీ) కోతలప్పుడూ రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, రాత్రికి కుప్ప చేసి నల్ల బరకం కప్పి, ఎగరకుండా చుట్టూ రాళ్ళు పెడతారు. చీకట్లో తారు రోడ్డూ బరకమూ ఒకే రంగు. ఎదురుగా హైబీమ్ వేసుకుని బండి వచ్చిందంటే ఆ రాయి కనబడే అవకాశమే లేదు. నేను పడ్డాను, మోచెయ్యి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. ఎదుటి లైటు కళ్ళల్లో పడితే ఎడమ అంచు చూస్తూ మెల్లగా పో, మరీ కనబడకపోతే దిగిపో, పరువేం పోదు. అలాగని మరీ అంచుకి పోకు, చాలాచోట్ల పిట్టగోడ ఉండదు, పక్కనే కాలువ.

చేపల బళ్ళు, రొయ్యల బళ్ళు ఐసు నీళ్ళు కార్చుకుంటూ పోతాయి కదా, మలుపుల్లో ఆ తడి మీద బ్రేకు గట్టిగా నొక్కితే చక్రం జారుతుంది, మలుపుకి ముందే స్పీడు తగ్గించు. వానలో రిమ్ము తడిస్తే బ్రేకు వెంటనే పట్టదు, కాస్త ముందు నుంచే మెల్లగా నొక్కుతూ రిమ్ము ఆరనివ్వాలి. వెనక ఎర్ర లైటు తప్పనిసరి, ముందు లైటు నీకు దారి చూపిస్తుంది, వెనకది నువ్వున్నావని లారీవాడికి చూపిస్తుంది. పండగ రోజుల్లో పొద్దున్న మంచు పడితే పగలైనా సరే వేసుకో. అక్టోబరు, నవంబరుల్లో పచ్చదోమ కళ్ళల్లో పడుతుంది, తెల్ల అద్దాల కళ్ళజోడు ఒకటి పెట్టుకో. చెవుల్లో పాటలు మాత్రం వద్దు.

రాజోలు కుర్రోడు:
అందరికీ చాలా థాంక్స్ అండి. రెండు స్టేషన్లూ చూశాను, లేదు. కంప్లైంట్ ఇచ్చాను, బిల్లు అన్నయ్య దగ్గరుంది కాబట్టి వాడికి చెప్పక తప్పలేదు. తిట్టలేదు గానీ "ఆ చక్రం పారేయకు, కొత్తదానికి స్పేర్‌గా ఉంటుంది" అన్నాడు. అక్కా, బరకాల సంగతి అస్సలు తట్టలేదు, మొన్న డిసెంబరులో రెండుసార్లు తప్పించుకున్నాను, అదేంటో ఇప్పుడర్థమైంది. శనివారం కడ్డీ తాళమూ వెనక లైటూ కొంటున్నాను. సైకిల్ వచ్చే నెల.