స్టెప్నీని వెనుక తలుపుకే ఉంచాలా, బంపరుకు మార్చాలా?

ప్రశ్న (నల్లగొండ): నా జీపుకు ఈ మధ్యే పెద్ద టైర్లు వేయించాను. దేవరకొండ నుంచి డిండి వైపు గుట్టల దారుల్లో తిరిగి వచ్చాక చూస్తే, స్టెప్నీ బరువుకు వెనుక తలుపు కిందికి వాలింది, కింది మడతబందు దగ్గర రంగు వెంట్రుకంత సన్నగా పగిలింది. స్టెప్నీని పైకప్పు మీదికి ఎక్కించాలా, బంపరుకు బిగించాలా అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు (మహబూబ్‌నగర్): పైకప్పు ఆలోచన మానుకోండి అన్నా. రిమ్ముతో కలిపి సుమారు 30 కిలోల బరువు అంత ఎత్తున ఉంటే గురుత్వ కేంద్రం పైకి జరిగి, పక్కకు వాలిన నేలమీద బండి ఒరిగే ప్రమాదం పెరుగుతుంది. పైగా పంక్చరైన నాడు దాన్ని ఒంటరిగా దించడం నడుముకు చేటు. ఛాసిస్‌కు (బండి అడుగు చట్రానికి) బోల్టులతో పట్టిన ఉక్కు బంపరు, దానికి స్టెప్నీని మోస్తూ తలుపు తీసేటప్పుడు పక్కకు తిరిగే చెయ్యి పెట్టించండి. అప్పుడు గతుకుల దెబ్బను ఛాసిస్ మోస్తుంది, తలుపు మోయదు.

జవాబు (అచ్చంపేట): నాదీ అదే మాట. అయితే టైరు వెనక్కి జరిగిన కొద్దీ ఆ చెయ్యి మీద ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి, తలుపుకు వీలైనంత దగ్గరగా బిగించమనండి. నంబరు ప్లేటూ వెనుక దీపాలూ మూసుకుపోకూడదు. మన్ననూరు దాటాక ఘాట్‌లో నా బండి చెయ్యి టకటకమని మోగేది. క్లాంపు కింద పాత ట్యూబు ముక్క మడిచి పెట్టాక ఆ చప్పుడు ఆగిపోయింది.